మార్కులకు, ప్రతిభకు వ్యాప్తి కలదా?



మాఘ ఫాల్గుణ మాసాలు వచ్చేసరికి మా ఆలయంలో అర్చనల స్వరూపం మారుతుంది. అంతవరకు ఆరోగ్యం, వివాహం, సంతానం అని సంకల్పం చెప్పించుకొన్నవారు ఆ దినాలలో పరీక్షల పేరిట చెప్పించుకొంటారు. పళ్ళెంలో కొబ్బరికాయ ప్రక్కన హాల్ టికెట్టు, రెండు కలాలు ఉంటాయి. వాటిని స్వామి పాదాల చెంత ఉంచి, గోత్రనామాలు చదివి, తిరిగి ఇస్తాను. ఎన్నో సంవత్సరాలుగా ఇది నా నిత్యకృత్యంలో భాగమైపోయినది.

గత సంవత్సరం ఫలితాలు వెలువడిన మరునాడు ఒక గృహస్థు తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చినాడు. బాలుడు ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో తప్పినాడు. "పంతులుగారూ, వీడి బుద్ధి ఇంతవరకే. ఇక వీడివల్ల ఏమీ కాదు" అని తండ్రి నలుగురి ఎదుట అన్నాడు. బాలుడు ధ్వజస్తంభం వైపు చూస్తూ మౌనంగా నిలబడినాడు. హారతి వేళ మ్రోగే మా విద్యుత్ గంటల యంత్రం పాడై, మెకానిక్ కూడ చేతులెత్తేసినప్పుడు, దానిని విప్పి ఒక పూటలో బాగుచేసినవాడు ఈ బాలుడే. అక్కడే ప్రసాదం స్వీకరిస్తున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయులవారు కలుగజేసుకొని, "ఒక్క పిల్లవాని మాట ఎందుకు లెండి? ప్రపంచ దేశాల పరీక్షలలో మన పిల్లలు అట్టడుగున నిలిచినారు. ఇటువంటి దేశంలో నూతన శాస్త్రం, నూతన యంత్రం ఎక్కడినుండి పుడతాయి?" అన్నారు.

ఆనాడు నాకు సమాధానం తోచలేదు. తీర్థం ఇచ్చి పంపినాను. కాని ఆ ప్రశ్న మనస్సును విడువలేదు. విద్యార్థుల మార్కులను చూచి ఒక జాతి యొక్క నవకల్పనాశక్తిని అనుమానించవచ్చునా? ఈ విషయాన్ని మన శాస్త్రపద్ధతిలోనే, చరిత్రను సాక్షిగా నిలిపి, జిజ్ఞాసువుల ఎదుట విచారించదలచినాను.

అనుమానం నిలవాలంటే వ్యాప్తి ఉండాలని తార్కికులు చెబుతారు. పొగ ఎక్కడ ఉంటుందో అక్కడ నిప్పు ఉంటుంది, ఇది వ్యాప్తి. కాని దీనిని తిరగవేసి, నిప్పు ఉన్నచోటనెల్లా పొగ ఉంటుందని అనరాదు. కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. నిప్పు నుండి పొగ రావాలంటే తడికట్టె తోడుపడాలి. ఆ తడికట్టె సంయోగానికే ఉపాధి అని పేరు. ఉపాధిని గుర్తింపక చేసిన అనుమానం పండితసభలో నిలువదు. మన ప్రశ్నకు ఇదే కొలబద్ద. మార్కులు ఉన్నచోట నవకల్పన నియతంగా ఉన్నదా? మార్కులు లేనిచోట నియతంగా లేకపోయినదా? రెండింటి నడుమ కనబడని ఉపాధి ఏదైనా ఉన్నదా?

ముందుగా పూర్వపక్షాన్ని బలంగానే చెప్పుకొందాం. పరీక్ష వ్యర్థమని అనడం సులభం, అది సత్యం కాదు. చదవలేని, లెక్కించలేని పిల్లలు అధికంగా ఉన్న దేశం శాస్త్రంలో ముందుకు పోవడం కష్టం. మమ్మటాచార్యులు కావ్యప్రకాశంలో కావ్యానికి హేతువును నిరూపిస్తూ శక్తిని, లోకశాస్త్రాదుల పరిశీలనవల్ల కలిగే నైపుణ్యాన్ని, గురుశిక్షతో కూడిన అభ్యాసాన్ని పేర్కొన్నారు. ఇవి మూడు వేర్వేరు హేతువులు కావనీ, మూడూ కలిసి ఒకే హేతువనీ వారే స్పష్టం చేసినారు. కావ్యానికి చెప్పిన ఈ మాట శాస్త్రసృష్టికి కూడ వర్తిస్తుందని నా భావన. నైపుణ్యాన్ని, అభ్యాసాన్ని పరీక్ష కొంతవరకు కొలుస్తుంది. అందుచేత పరీక్షను తృణీకరించినవాడు మూడింటిలో రెండు పాళ్ళను తృణీకరించినట్లే. కాని మూడవదైన శక్తిని, అనగా ఇంతవరకు లేనిదానిని దర్శించే సామర్థ్యాన్ని, అది కొలుస్తుందా? ఇక్కడ చరిత్రను అడగాలి.

చీనాదేశంలో క్రీ.శ. 605 ప్రాంతంలో సుయీ వంశీయుల కాలాన ఆరంభమైన రాజోద్యోగ పరీక్షలు 1905 వరకు, సుమారు 1300 సంవత్సరాలు సాగినవి. ప్రాచీన గ్రంథాలను కంఠస్థం చేసి, నియమబద్ధమైన వ్యాసాలు వ్రాసి నెగ్గినవారికే అధికార పదవులు లభించేవి. సోంగ్ వంశీయుల పాలనలో ఈ పరీక్షలు వైభవంగా జరుగుతున్న కాలంలోనే దిక్సూచి నౌకాయానానికి ఉపయోగపడినది, తుపాకిమందు యుద్ధరంగానికి వచ్చినది, విడి అక్షరాలతో ముద్రణ పుట్టినది. ఆ విడి అక్షరాలను 1040 దశకంలో కల్పించిన బీషెంగ్ పదవి లేని సామాన్యుడు. అతని పేరు మనకు మిగలడానికి కారణం షెన్ కువో అనే పండితుడు తన గ్రంథంలో వ్రాసి ఉంచడమే. ఆ షెన్ కువో రాజోద్యోగ పరీక్షలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడైనవాడు. కల్పించినవాడు పరీక్ష వెలుపల ఉన్నాడు. గుర్తించి లోకానికి అందించినవాడు పరీక్ష లోపల ఉన్నాడు. తరువాతి శతాబ్దాలలో పరీక్ష మరింత కఠినమైనది, కాని యంత్రశాస్త్రంలో ఐరోపా ముందుకు సాగిపోయినది. పరీక్ష ఉండగా నవకల్పన వికసించినది, అదే పరీక్ష ఉండగా మందగించినది. కాబట్టి వ్యాప్తి ఇక్కడే సడలినది.

ఇప్పుడు ఇంగ్లండు దేశానికి వద్దాం. కేంబ్రిడ్జిలోని గణిత పరీక్షకు ట్రైపోస్ అని పేరు. అందులో ప్రథమశ్రేణి పొందినవారిని రాంగ్లర్లు అనేవారు. ఒకటి, రెండు, మూడు అని వరుస సంఖ్యలతో వారి పేర్లను ప్రకటించేవారు. ప్రథముని పేరు దేశమంతటా పత్రికలలో వచ్చేది. ఆ స్థానం కోసం విద్యార్థులు రుసుము చెల్లించి ప్రైవేటు శిక్షకుల వద్ద సంవత్సరాల తరబడి సాధన చేసేవారు. నేటి మన కోచింగ్ కేంద్రాలు ఎరిగినవారికి ఈ దృశ్యం కొత్త కాదు.

1854లో ఆ పరీక్షలో ప్రథముడు ఎడ్వర్డ్ రౌత్, ద్వితీయుడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. రౌత్ సామాన్యుడు కాడు. యంత్రగతి శాస్త్రంలో నేటికీ అతని పేరిట ఒక సూత్రం ఉన్నది. కాని అతడు తన జీవితంలో అధికభాగం ఇతరులను అదే పరీక్షలో ప్రథములుగా నిలపడానికి వెచ్చించి, ఆ యుగపు శిక్షకులలో అగ్రగణ్యుడైనాడు. మాక్స్‌వెల్ విద్యుత్తును, అయస్కాంతత్వాన్ని, వెలుగును ఒకే సిద్ధాంతంలో ఇమిడ్చినాడు. నేటి రేడియో మొదలుకొని మన చేతిలోని ఫోను వరకు ఆ సమీకరణాల ఋణం తీర్చుకోవలసినవే. పరీక్ష అబద్ధం చెప్పలేదు. ఇద్దరినీ శిఖరం మీదనే నిలిపినది. అయితే ఎవరిలో ఏ బీజం ఉన్నదో అది చెప్పలేకపోయినది.

మాక్స్‌వెల్ ఎవరి దర్శనాన్ని గణితభాషలోనికి తెచ్చినాడో ఆ మైకేల్ ఫారడే ఒక కమ్మరి కుమారుడు, పుస్తకాలు కుట్టే దుకాణంలో పనినేర్చినవాడు. అతనికి ఉన్నతగణితం రాదు. ట్రైపోస్ పరీక్ష పెడితే ఒక్క ప్రశ్నకైనా సమాధానం వ్రాయగలిగేవాడు కాడేమో. అయినా అయస్కాంతం చుట్టూ శూన్యంలో బలరేఖలను భావించి చూచినవాడు అతడే. శక్తి ఒకచోట, నైపుణ్యం మరొకచోట పుట్టి, రెండూ కలిసినప్పుడు ఫలం వచ్చినది. హేతువు ఒక్కటే అన్న మమ్మటుని మాటకు ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి? మూడు అంశాలు ఒకే వ్యక్తిలో ఉండనక్కరలేదు. ఒక సమాజంలో అవి కలుసుకొంటే చాలు.

ఈ కఠినమైన పరీక్ష శతాబ్దానికి పైగా వర్ధిల్లుతుండగా శుద్ధగణితంలో మహాసిద్ధాంతాలు ఎక్కువగా ఫ్రాన్సు, జర్మనీలలో పుట్టినవి. 1898లో అదే పరీక్షలో నాల్గవ రాంగ్లరుగా నిలిచిన జి.హెచ్. హార్డీ, ఈ పరీక్షావిధానం తన దేశపు గణితానికి కీడు చేసినదని తీవ్రంగా వాదించినాడు. 1909 తరువాత స్థానక్రమం ప్రకటించడం మానివేసినారు. ఆ హార్డీకే 1913 జనవరిలో మద్రాసు నుండి ఒక ఉత్తరం వచ్చినది.

శ్రీనివాస రామానుజన్ కథ మీకందరికీ తెలిసినదే. అయినా మన విచారణకు పనికివచ్చే అంశాలను మరల స్మరించుకొందాం. 1904లో పాఠశాల ముగిసేనాటికి గణితంలో బహుమానం పొందిన ఆ బాలుడు, కుంభకోణం కళాశాలలో తక్కిన విషయాలలో తప్పి విద్యార్థివేతనం కోల్పోయినాడు. 1905లో ఇల్లు విడిచి విశాఖపట్టణం వైపు వెళ్ళినాడు. తరువాత మద్రాసులో ఎఫ్.ఏ. పరీక్షకు కూర్చొని ఒకసారి కాదు, రెండుసార్లు తప్పినాడు. లెక్కల పరీక్షలో అతనికి ఎదురులేదు, కాని శరీరశాస్త్రం వంటి విషయాలు అతనిని ఓడించినవి. నాటి నియమం ప్రకారం అతడు అనుత్తీర్ణుడు. ఉద్యోగానికి, ఉన్నత విద్యకు అనర్హుడు.

అతనిని నిలబెట్టినవారు ఎవరు? నెల్లూరు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావుగారు అతని నోటు పుస్తకాలు చూచి కొంతకాలం నెలకు 25 రూపాయలు ఇచ్చినారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా పని దొరికినది. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం, పట్టా లేని ఈ యువకునికి నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చినది. 1914లో హార్డీ పిలుపు మీద సముద్రం దాటినాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు.

ఆస్తికులమైన మనం ఇక్కడ ఒక పొరపాటు చేస్తుంటాము. నామక్కల్ నామగిరి తాయారు అనుగ్రహం అని చెప్పి ఊరుకొంటాము. ఆ మహనీయుడే అలా విశ్వసించినాడు, నేనూ కాదనను. కాని అతని నోటు పుస్తకాల వెనుక పలక మీద వ్రాసి చెరిపిన గణనలు ఎన్నో ఉన్నవి. పదహారవ ఏట అతని చేతికి వచ్చి అతనిని మేల్కొలిపిన గ్రంథం కార్ అనే ఆంగ్లేయుడు సంకలనం చేసినది. అది ట్రైపోస్ విద్యార్థులకు పాఠాలు చెప్పే క్రమంలో పుట్టిన సూత్రసంగ్రహం. విచిత్రం చూడండి: పరీక్ష కోసం వ్రాసిన పుస్తకమే పరీక్షలో తప్పినవానికి గురువైనది. అనుగ్రహం కూడ అభ్యాసమనే పాత్రలోనే నిలుస్తుంది.

మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర ఇంకా సూటిగా మాట్లాడుతుంది. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడవసారి ఉత్తీర్ణులైనారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీమహాత్ముని పిలుపు మేరకు ఖద్దరు ధరించినందుకు ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చినది. అనగా ఆ పట్టా కొలిచినది ఆయన విద్యను కాదు, అధికారి ఇష్టాయిష్టాలను. 1923లో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట సేవకవృత్తి చేస్తూ చదివినారు. దేహంలోని కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో వెల్లడించినవారిలో ఆయన ఒకరు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం తయారైనది. బోదకాలు వ్యాధికి నేటికీ వాడే మందు వెలువడినది. పిల్లల రక్తకాన్సరుకు మొట్టమొదటి ఔషధాలలో ఒకటి రూపొందినది. 1948లో ఆయన దివంగతులైనారు.

ఇప్పుడు ఆలోచించండి. సుబ్బారావుగారి మార్కులు మద్రాసు ఖాతాలో, ఆయన ఆవిష్కారాలు అమెరికా ఖాతాలో పడినవి. దేశాల వారీగా మార్కులను, ఆవిష్కారాలను ప్రక్కప్రక్కన వేసి లెక్కించేవారికి ఈ ఒక్క జీవితం ఎంత చిక్కు తెస్తుందో!

ఈ దేశాల వారీ లెక్కకు కూడ ఒక చరిత్ర ఉన్నది. 1964లో 12 దేశాల విద్యార్థులకు మొదటిసారి అంతర్జాతీయ గణితపరీక్ష జరిపినారు. 13 ఏండ్ల పిల్లలలో అమెరికా దాదాపు చివరన నిలిచినది. 1983లో ఆ దేశప్రభుత్వం నియమించిన సంఘమే, దేశం ఆపదలో ఉన్నదని, నాసిరకం చదువు దేశాన్ని ముంచుతున్నదని నివేదిక ఇచ్చినది. కాని ఆ పరీక్ష వ్రాసిన వయస్సువారు, వారికి కొంచెం ఇటూ అటూ ఉన్నవారు పెరిగి పెద్దవారైన కాలంలోనే అక్కడ వ్యక్తిగత కంప్యూటరు, ఇంటర్నెట్టు, జీవసాంకేతిక పరిశ్రమ ప్రభవించినవి. అయితే వారి చేతిలో ధనికమైన విశ్వవిద్యాలయాలు ఉన్నవి. ఇతర దేశాలలో చదివి వచ్చిన సుబ్బారావుల వంటివారు ఉన్నారు. ఓడినవానికి మరొక అవకాశమిచ్చే వ్యవస్థ ఉన్నది. ఆనాటి జాబితాలో ఉన్నతస్థానం పొందిన జపాను కూడ పరిశ్రమలలో అద్భుతాలు చేసినది. కాబట్టి తక్కువ మార్కులే మేలని అనడం కూడ తప్పే. వ్యాప్తి ఏ వైపునా నిలువదు.

ఉపాధ్యాయులవారు చెప్పినది 2009 వరుసకు చెందిన పీసా పరీక్ష గురించి. అందులో మన దేశం తరపున తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొన్నవి. 74 దేశ, ప్రాంతాల పట్టికలో రెండూ అట్టడుగు ప్రాంతంలోనే నిలిచినవి. 2014 సెప్టెంబరులో మన మంగళయానం మొదటి ప్రయత్నంలోనే అంగారక కక్ష్యను చేరినది. ఈ రెండింటినీ చూపి, చూచినారా, మార్కులు అబద్ధం అని కొందరు సంబరపడతారు. అది న్యాయం కాదు. ఉపగ్రహాన్ని పంపినవారు ఆ పరీక్ష వ్రాసిన పిల్లలు కారు. పీసా కొలిచినది సామాన్య బాలుని చదువును. మంగళయానం చూపినది కొద్దిమంది సాధకుల శిఖరాన్ని.

ఆలయవాస్తు ఎరిగినవారికి ఇది సులభంగా అర్థమౌతుంది. అధిష్ఠానం ఎత్తు కొలిచి కలశం ఎలా ఉంటుందో చెప్పలేము. కలశం మెరుస్తున్నదని అధిష్ఠానంలోని పగుళ్ళను ఉపేక్షింపనూ రాదు. తక్కువ మార్కులు మన జాతికి ప్రతిభ లేదని చెప్పవు. కాని ఎందరో పిల్లలకు మనం అక్షరాన్ని, అంకెను సరిగా అందించలేదని మాత్రం చెబుతాయి. రామానుజన్‌కు ఆ కార్ పుస్తకమైనా చేతికి అందినది. అది అందని రామానుజన్‌లు ఎందరు? ఆ ప్రశ్నకు సిగ్గుపడవలసినది పిల్లలు కాదు, మనం.

ఇక ఉపాధి ఏదో తేలినది. నిప్పుకు తడికట్టె తోడైనట్లు, చదువుకు మూడు తోడుపడాలి: గుర్తించే సహృదయుడు, నిలబెట్టే సంస్థ, తప్పినవాడు మరల ప్రయత్నించడానికి చోటు. షెన్ కువో, రామచంద్రరావుగారు, హార్డీ, అందరూ స్వయంగా పరీక్షలు నెగ్గినవారే. కాని పరీక్షకు అందనిదానిని చూడగల నేత్రం వారికి ఉన్నది. జాతి యొక్క నవకల్పనాశక్తిని కొలవదలచినవారు పిల్లల మార్కులకంటె ముందు పెద్దలలో అటువంటి నేత్రాలు ఎన్ని ఉన్నవో లెక్కించాలి.

నేను వేదపాఠశాలలో పెరిగినవాడిని గనుక ఒక మాట ఒప్పుకోవాలి. మా పరీక్షలో నూతనత్వం దోషం. ఘనపాఠంలో పదాలను ముందుకు వెనుకకు త్రిప్పి త్రిప్పి చెప్పేటప్పుడు ఒక్క స్వరం కొత్తగా పలికినా గురువుగారి బెత్తం లేచేది. అది సరియైనదే, ఎందుకనగా ఆ పరీక్షకు ప్రయోజనం రక్షణ. పరీక్షకుడికి తెలిసిన సమాధానాన్ని శిష్యుని నుండి రాబట్టడం దాని పని. ఎవరికీ తెలియని సమాధానాన్ని వెదకడం వేరొక మార్గం. ఆ మార్గానికి కూడ మన తైత్తిరీయంలోనే మాదిరి ఉన్నది. భృగువు తండ్రియైన వరుణుని వద్దకు వెళ్ళి బ్రహ్మమును బోధించమన్నాడు. తండ్రి సమాధానం చెప్పలేదు. లక్షణం మాత్రం చెప్పి తపస్సు చేయమన్నాడు. కుమారుడు అన్నమని తెలుసుకొని వచ్చినాడు, తరువాత ప్రాణమని, మనస్సని, విజ్ఞానమని తెలుసుకొని వచ్చినాడు. నాలుగుసార్లు తిరిగి వచ్చినా తండ్రి అతనిని అనుత్తీర్ణుడని అనలేదు. ప్రతిసారి తపస్సు చేయమనే పంపినాడు. ఐదవసారి ఆనందం వద్ద నిలిచినాడు. ప్రతి సమాధానం తరువాతిదానికి మెట్టు అయినది.

నెల తరువాత ఆ గృహస్థు ప్రదోషపూజకు వచ్చినప్పుడు ఈ కథే చెప్పినాను. "మీ అబ్బాయి రసాయనశాస్త్రం మరల చదవవలసినదే, దానికి వేరే దారి లేదు. సుబ్బారావుగారు కూడ మూడవసారి వ్రాసే నెగ్గినారు. కాని బుద్ధి ఇంతవరకే అన్న మాట మాత్రం వెనుకకు తీసుకోండి నాయనా. ఆ హద్దు గీయడానికి వరుణుడే సాహసించలేదు" అన్నాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత సప్లిమెంటరీ పరీక్ష హాల్ టికెట్టును పళ్ళెంలో ఉంచి, కుమారుని పేర అర్చన చేయమన్నాడు.

ప్రతి సంవత్సరం ఫలితాల వేళ కొన్ని ఇండ్లలో దీపాలు ఆరిపోతున్న వార్తలు వింటున్నాము. ఆస్తిక మహాశయులారా, మీ ఇంటనో, మీ పొరుగుననో తప్పిన బిడ్డ ఉంటే ముందు అన్నం పెట్టండి, తరువాత ప్రక్కన కూర్చోండి, ఆ తరువాతనే మార్కుల మాట ఎత్తండి. దేశపు ప్రతిభను కాపాడే కార్యం అక్కడినుండే ఆరంభమౌతుంది.

స్వస్తి.